మా అయ్యది ఎస్టేటు

భిలాయిలో ఎవరినైనా "మీ నాన్నది ఏటి?" అని అడిగితే డిపార్టుమెంటు పేరు చెప్తారు. మా నాన్నది రైల్ మిల్లు. ఎదురు క్వార్టర్ పోలయ్య మామయ్యది కోకోవెన్. ఆయన తమ్ముడిది బ్లాస్ట్ ఫర్నేసు. బ్లాస్ట్ ఫర్నేసు ఆ తమ్ముడి సొంత ఆస్తి అని ఎవరూ అనుకోరు, అనుకుంటే నవ్వుతారు. తొంభయ్యారు ఎండాకాలంలో మా ఇంటి పరువు ఇలాంటి ఒక్క మాట పట్టుకుని పైకెక్కి, మళ్ళీ అక్కణ్ణించే కింద పడింది. పడిన చప్పుడు మా ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ వినిపించలేదు. ఊరంతా చప్పట్లు కొడుతోంది మరి.

అప్పుడు నేను బీఎస్సీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మా బోటనీ మేడమ్ పుణ్యమా అని ప్రకృతి మిత్ర మండలిలో చేరాను. పేరు బాగానే ఉంది గానీ, అది ఆఫీసర్లూ వాళ్ళ కుటుంబాలూ ఆదివారాలు ఉతై వైపు పొలాల్లోకో, మరోడా చెరువు గట్టుకో వెళ్ళి పక్షుల్ని చూసి, పూరీలు తిని వచ్చే సంఘం. బురదలో దిగి గూళ్ళు చూసి రావడానికి వాళ్ళకి ఒక మనిషి కావలసి వచ్చింది. వర్కర్ల ఇళ్ళ నుంచి వచ్చిన దాన్ని నేనొక్కదాన్నే. బురద నాకు కొత్త కాదు కాబట్టి వాళ్ళకీ నాకూ బాగానే కుదిరింది.

మండలికి పెద్ద లక్ష్మీప్రసాద్ గారు. కృష్ణా జిల్లా వారు, ప్లాంటులో డిప్యూటీ మేనేజరు. మంచివారే. ఇది మొదటే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో ఆయన మీద కోపం తెచ్చుకుందామని నేను చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. ఆ ఏడు ఆయనకి మలేషియా అడవుల మీద మనసు పోయింది. కాన్హా అయింది, అచానక్‌మార్ అయింది, ఎండాకాలం వచ్చేసరికి ఆకులన్నీ రాల్చేసుకునే అడవుల్ని చూసి చూసి కళ్ళు మండిపోయాయి, ఏడాది పొడుగునా వానలో తడిసే అడవిని ఒక్కసారి చూడాలమ్మా అనేవారు. జూన్‌లో ప్రయాణం. మండలి ఖర్చుతో ఒక స్టూడెంటుని కూడా తీసుకెళ్దామని తీర్మానించారు. ఆ సీటుకి ముగ్గురం ఉన్నాం. మిగతా ఇద్దరూ ఆఫీసర్ల పిల్లలు. మూడోదాన్ని నేను, లెక్కకి.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం సెక్టార్ టెన్‌లో ఆయన బంగళాలో మీటింగు పెట్టారు. కూలర్ ముందు బల్ల మీద పెద్ద మ్యాపు పరిచారు. తమన్ నెగారా అనే అడవి ఎక్కడుందో, నదిలో పడవ ఎక్కడ ఎక్కాలో, చెట్ల తలల మీదుగా తాళ్ళ వంతెన ఎక్కడ కట్టారో చూపిస్తున్నారు. అందరూ ఏదో ఒకటి మాట్లాడుతున్నారు. నేనే నోరు మూసుకుని నిలబడ్డాను. నాకూ ఏదో ఒకటి అనాలనిపించి, ఆయన వేలు పేరాక్ అనే చోటికి రాగానే, "ఆ దేశంలోనే మా నాన్నమ్మ వాళ్ళ నాన్నది ఎస్టేటండీ" అన్నాను.

ఆయన తలెత్తారు. రబ్బరా అని అడిగారు. రబ్బరేనండి అన్నాను. పెద్దదేనా అన్నారు. ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలంటే ఒక పూట పట్టేదటండీ అన్నాను. నాన్నమ్మ అలాగే చెప్పేది మరి. ఆయన భార్య సత్యవాణి గారిని వంటింట్లోంచి పిలిచి మరీ ఈ ముక్క చెప్పారు. చూశావా, మన తెలుగువాళ్ళు ఆ రోజుల్లోనే సముద్రాలు దాటి తోటలు సంపాదించారు, ఈ అమ్మాయి ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదు అని మురిసిపోయారు. ఆవిడ నాకు కుర్చీ చూపించారు. ఆ ఇంట్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి. మీటింగు అయ్యేలోపు సీటు నాదైంది.

నేను అబద్ధం ఆడలేదు. నాన్నమ్మ "మా అయ్యది ఎస్టేటు" అనేది, నేనూ అదే అన్నాను. మా నాన్నది రైల్ మిల్లు అన్నంత మామూలుగా అన్నాను. సైకిలు తొక్కుకుంటూ ఇంటికొస్తూ, ఆయన ఎందుకంత సంతోషించారా అని ఆలోచిస్తే, సెంట్రల్ అవెన్యూ దాటుతుండగా వెలిగింది, సొంత తోట అనుకున్నారని. చెట్టు కింద సైకిలు ఆపేసుకుని, వెనక్కి తిప్పుదామా అనుకున్నాను. ఎండ మాడిపోతోందని ఒక సాకు దొరికింది. ఇంటికే వచ్చేశాను.

ఇంట్లో మలేషియా అంటే ఎవరికీ బోధపడలేదు. మలయా అనేసరికి నాన్నమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది.

"మలయాకే? మా అయ్యెల్లిన మలయాకే?"

మా నాన్నమ్మ పేరు సింహాచలమ్మ. శ్రీకాకుళం అవతల నుంచి కొడుకు వెంట భిలాయి వచ్చి ముప్ఫై ఏళ్ళయినా ఆవిడ మాటకి ఇక్కడి గాలి తగల్లేదు. ఆవిడ కథ మేం చిన్నప్పటి నుంచీ వింటున్నదే, కాబట్టి ఎప్పుడూ సరిగ్గా విననిదే. ఆవిడ పరికిణీ కట్టే వయసులో గురుమూర్తి అనే మేస్త్రి తెల్లగొడుగు వేసుకుని వాళ్ళ ఊరొచ్చాడు. రబ్బరు తోటల్లో పని ఉందని, మూడేళ్ళకి తిరిగొచ్చేయొచ్చని చెప్పి, మగవాళ్ళని పోగుచేసి, వాల్తేరులో రైలెక్కించి మద్రాసులో ఓడెక్కించాడు. కొందరు తిరిగొచ్చారు. వాళ్ళయ్య రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. అందుకని వాళ్ళమ్మ చివరిదాకా బొట్టు తియ్యలేదు. ఆ ఇంట్లో ఆయన పేరు ఎత్తనిచ్చేది కాదు. ఓడెక్కినవాణ్ణి ఇక్కడ పేరు పెట్టి పిలిస్తే వాడికి అక్కడ ప్రాణం ఇటు లాగుతుంది, చేతులు ఆడవు, పని చెయ్యకపోతే తోటలో బతకనివ్వరు, అని ఆవిడ నమ్మకం. పేరు పోకుండా ఉండడానికి తను పోయేముందు కూతురి చెవిలో చెప్పిందట. అది ఇక నాన్నమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. మా నాన్నకి కూడా తెలీదు.

ఆ సాయంత్రం నాన్నమ్మ నన్ను పక్కన కూచోబెట్టుకుని ఒక పని అప్పగించింది.

"అక్కడ దిగినాక ఏ సెట్టుకాడన్నా నిలబడి మా అయ్యని పేరెట్టి పిలు గుంటా. గట్టిగా పిలు. నీ కూతురు సింహాచలం మనవరాల్ని అని సెప్పు. ఇంక పని సాలు, ఇంటికి రమ్మను."

పేరు చెప్పు మరి అన్నాను. ప్రయాణం రోజు గుమ్మం దిగేముందు చెప్తానంది. ఇప్పుడే చెప్తే నోట్లో ఆగదట, ఎక్కడో జారిపోతుందట. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ ఎండాకాలం అంతా ఆవిడ ఒంట్లో ఏదో కొత్త సత్తువ వచ్చినట్టు తిరిగింది. నా బట్టలు మడతపెడుతూ, అడవిలో జలగలుంటాయి పొగాకు కట్టుకుని వెళ్ళమనేది. లక్ష్మీప్రసాద్ గారు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో కూడా అదే రాసి ఉందని తెలిసి ఆశ్చర్యపోయాను. ఏ ఆకుల చప్పుడుకి భయపడకూడదో, ఏ నీళ్ళు తాగకూడదో, తిరిగొచ్చినవాళ్ళు చెప్పగా విన్నవన్నీ అప్పజెప్పింది. మా మండలి వాళ్ళు ఆ అడవిని ఎంత ప్రేమగా తలుచుకునేవారో ఆవిడ అంత భయంగా తలుచుకునేది. నాకు రెండూ ఇష్టంగానే ఉండేవి.

నాన్నతో పవర్‌హౌస్ బజారుకి కాన్వాస్ బూట్లు కొనడానికి వెళ్ళినప్పుడు విషయం చెప్పేశాను. మా నాన్న చినబాబు రైల్ మిల్లులో క్రేన్ నడిపేవాడు. పొద్దుగూకులూ పైన గదిలో ఒంటరిగా కూర్చుని పనిచేసే మనిషి, కిందకి దిగాక కూడా మాటలు తక్కువ. ముత్తాతది సొంత ఎస్టేటు కాదు కదా నాన్నా అని అడిగితే, సొంతమైతే నాను క్రేనెక్కుతానేటే అని నవ్వాడు. లక్ష్మీప్రసాద్ గారు సొంతమే అనుకుంటున్నారు, సీటు అందుకే ఇచ్చారేమో అన్నాను. నాన్న నవ్వు ఆపి, చేతిలో బూటు అటూ ఇటూ తిప్పి చూశాడు. మనదే అని నోటితో అన్నావా అని అడిగాడు. అనలేదు, ఎస్టేటన్నాను అంతే అన్నాను. మరింకేటి అన్నాడు. అని దుకాణదారుతో హిందీలో బేరంలో పడ్డాడు. నాకు పెద్ద బరువు దిగినట్టయింది. తప్పు కాదని నాన్నే అన్నాడంటే ఇక దాన్ని గురించి నేనెందుకు ఆలోచించాలి?

మే నెలలో ఒక సాయంత్రం లక్ష్మీప్రసాద్ గారూ సత్యవాణి గారూ మా క్వార్టర్‌కి వచ్చారు. ముందు చెప్పకుండా వచ్చారు. మా సెక్టార్ టూ సందులోకి ఆఫీసరు కారు రావడమంటే మాటలు కాదు, పిల్లలందరూ దాని చుట్టూ చేరారు. అమ్మ గబగబా మంచం మీద దుప్పటి మార్చింది. నాన్న ఫస్ట్ షిఫ్ట్ నుంచి వచ్చి బనీనుతో ఉన్నవాడు చొక్కా వెతుక్కున్నాడు. ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలు. వాళ్ళిద్దరూ కూర్చున్నాక నాన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లక్ష్మీప్రసాద్ గారు లేచి తన కుర్చీ నాన్న వైపు జరిపి, తను మంచం మీద కూర్చున్నారు.

"కూర్చోండి చినబాబు గారూ. మీది పెద్ద వంశం, మాకు ఇన్నాళ్ళూ తెలీదు" అన్నారు.

నాన్న కూర్చున్నాడు. కుర్చీ అంచు మీద కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

నాన్నమ్మ నేల మీద గోనెసంచి పరుచుకుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఏటికి సరిపడా చింతపండు ఎండాకాలంలోనే ఒలిచి జాడీకెత్తడం ఆవిడ పని, గవర్నరు వచ్చినా ఆపదు. లక్ష్మీప్రసాద్ గారు ఆవిడ వైపు వంగి, అమ్మా, మీ నాన్నగారి ఎస్టేటు ఏ ఊరి దగ్గరో గుర్తుందా, మేం అటే వెళ్తున్నాం, వీలైతే చూసి వస్తాం అన్నారు. ఎంతో మర్యాదగా అడిగారు. నాన్నమ్మ ముఖం విప్పారింది. ఆవిడ అయ్య గురించి ఇంత పెద్దమనిషి అడుగుతాడని ఎప్పుడైనా అనుకుందా?

"ఊరి పేరు నాకేటి తెల్సు బావూ. సీకటితో లెగిసి సెట్లకి గాటెట్టి పాలు దించీవోడట. జెరమొచ్చినా లెగాలట. కూలోల్లందరికీ ఒకటే పాకట. మూడేల్లయినాక ఒచ్చీద్దామంతే మేస్త్రి ఒగ్గలేదట. ఒచ్చినోలు సెప్పినారు."

లక్ష్మీప్రసాద్ గారికి సగం మాటలు అర్థం కాలేదు. అర్థమైన సగంతో ఆయన నాన్న వైపు చూశారు. కోపంగా కాదు, ఏదో తేడా వచ్చింది, సరిచెయ్యండి అన్నట్టు చూశారు. నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. నాన్న ఒక్కసారి నా వైపు చూశాడు.

"అమ్మకి వయసైపోయింది సార్. మతి నిలకడ లేదు. వాళ్ళ ఎస్టేట్లో పనిచేసిన కూలీల గురించి చిన్నప్పుడు విన్నవన్నీ కలిపేసి చెప్తుంది."

రేడియో వార్తల్లోలాగా, తన యాస ఒక్క ముక్క లేకుండా చెప్పాడు. నాన్న అలా మాట్లాడగలడని నాకు అప్పటిదాకా తెలీదు. లక్ష్మీప్రసాద్ గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. పెద్దవాళ్ళు అంతేలెండి, మా అమ్మా అంతే అన్నారు.

నాన్నమ్మ కొడుకుని చూసింది. చింతపండు పిక్క ఒకటి వేళ్ళ మధ్య నుంచి తీసి పక్కన పడేసింది.

"అవును బావూ. మర్సిపోతన్నాను" అంది.

తర్వాత చేట ఎత్తుకుని, గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని వెనక వసారాలోకి వెళ్ళిపోయింది. నేను టీ ఇచ్చాను. సత్యవాణి గారు ఏలకులు వేశారా, చాలా బాగుంది అన్నారు.

వాళ్ళు వెళ్ళాక నాన్న పెరట్లో జామచెట్టు కింద నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఎందుకలా అన్నావు నాన్నా అని అడిగే ధైర్యం నాకు లేదు. సీటు నాది. ఆయన అన్నది నా కోసం. అడిగితే ఆ మాట బయటికొస్తుంది. ఆయనే చెప్పాడు, తల ఎత్తకుండా.

"గారు అన్నాడు రజనీ. నన్ను చినబాబు గారూ అన్నాడు. ఇన్నేల్ల సర్వీసులో ఒక్కడన్లేదు. కూలోడి మనవణ్ణి అని సెప్పడానికి నోరు రానేదు."

నా కోసం అని అనుకుంటున్న నాకు, ఆ మాట విన్నాక ఇంకా సిగ్గేసింది. ఆయనకి కాదు సిగ్గు, నాకు. మా నాన్నకి కావలసింది అంత చిన్నదని, అది ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదని నాకు తెలీనందుకు.

ఆ తర్వాత నాన్నమ్మ అలగలేదు, అన్నం మానలేదు. నాన్న పవర్‌హౌస్ నుంచి జిలేబీ పట్టుకొస్తే తింది. నన్ను జడ వేసుకోమని తిట్టింది. అయ్య మాట మాత్రం ఆ ఇంట్లో వినిపించడం మానేసింది. జలగల సంగతి, నీళ్ళ సంగతి, ఏదీ లేదు. ఆవిడ తిట్టినా ఏడ్చినా మేం ఏదో ఒక జవాబు చెప్పుకునేవాళ్ళం. మామూలుగా ఉన్న మనిషితో ఏం చెయ్యాలో నాన్నకీ తెలీలేదు, నాకూ తెలీలేదు. డ్యూటీ నుంచి వచ్చి నాన్న ఆవిడ మంచం చుట్టూ ఊరికే తిరిగేవాడు. ఫ్యాను ఇటు తిప్పనా అమ్మా, మంచినీళ్ళు తేనా అమ్మా అనేవాడు. వొద్దురా అనేది.

నేను మానేస్తానని అమ్మతో ఒకసారి అన్నాను. అమ్మ పప్పు రుబ్బుతూ, మానీసి ఏటని సెప్తావు అంది. నిజమే, ఏమని చెప్తాను? ముత్తాత కూలివాడని చెప్తే మా నాన్న అబద్ధమాడాడని చెప్పడం. చెప్పకపోతే ఇలా. ఒక మాట సరిచెయ్యడానికి నాకు దొరికిన చోట్లన్నీ ఏప్రిల్‌లోనే అయిపోయాయి.

ప్రయాణానికి వారం ముందు తెలుగు సంఘం హాల్లో మాకు వీడ్కోలు సభ పెట్టారు. వేదిక మీద నాన్నమ్మని కూడా కూర్చోబెడతామని, శాలువా కప్పుతామని లక్ష్మీప్రసాద్ గారే స్వయంగా కబురు పంపారు. మలయాలో తోటలు పెంచిన తెలుగు కుటుంబం ఆడపడుచుకి సన్మానమట. నాన్న మొహం మాడిపోయింది. అమ్మకి ఒంట్లో బాగోలేదని చెప్పేద్దాం అన్నాడు. నాన్నమ్మ విని, నాకేటయింది, వస్తాను అంది. అని పెట్టెలోంచి నేత చీర తీసుకుంది.

హాలు నిండిపోయింది. మా సందులో వాళ్ళు సగం మంది వచ్చారు. పోలయ్య మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని రెండో వరసలో కూర్చున్నాడు. నాన్న ముందు వరసలో, తల వంచుకుని. అమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది. నేను వేదిక మీద చివర. లక్ష్మీప్రసాద్ గారు చాలా బాగా మాట్లాడారు. అడవి అంటే ఏమిటో, వానలు అడవిలోంచి ఎలా పుడతాయో చెప్పి, మన ముందుతరం అక్కడ చెట్లు నాటితే మనం ఇక్కడినుంచి వాటిని చూడడానికి వెళ్తున్నాం అన్నారు. ఆ మాట నిజమే, అందుకే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన శాలువా కప్పి, మైకు నాన్నమ్మ ముందుకి వంచి, మీ నాన్నగారి గురించి నాలుగు మాటలు చెప్పండమ్మా అన్నారు.

నాన్న లేవబోయి ఆగిపోవడం నాకు కనిపించింది. ఇప్పుడు ఆవిడ నిజం చెప్పేస్తుందని ఆయన భయం. నాకూ అదే భయం. దాచడమెందుకు, చెప్పేస్తే బాగుండునని కూడా ఉంది.

నాన్నమ్మ మైకుని చూసి ఏం తడబడలేదు. కొడుకు వైపు చూస్తూ చెప్పింది.

"మాది పేద్ద ఎస్టేటు. మా అయ్య కింద శానామంది కూలోల్లు పన్జేసీవోరు. మా అయ్యంతే ఆలకి బయం. మా కొడుకూ అలాటి ఇంటోడే."

అందరూ చప్పట్లు కొట్టారు. లక్ష్మీప్రసాద్ గారు చప్పట్లు ఆగేదాకా ఆగి, వారి పేరేమిటమ్మా అని అడిగారు.

"గురుమూర్తి" అంది నాన్నమ్మ.

మళ్ళీ చప్పట్లు. గురుమూర్తి ఎవరో ఆ హాల్లో తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ మా నాన్నా. వాళ్ళయ్యని ఓడెక్కించి తిరిగి రానివ్వని మేస్త్రి. ఎస్టేటు కావలసి వచ్చింది కాబట్టి ఆవిడ వాడికి ఇచ్చేసింది. నాన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పక్కనున్నవాళ్ళు ఆనందబాష్పాలనుకుని ఆయన భుజం తట్టారు.

ఇంటికి రిక్షాలో వచ్చాం. నాన్న సైకిలు మీద వెనక వచ్చాడు, రిక్షాని దాటకుండా. దారిలో నాన్నమ్మ శాలువా తీసి మడిచి నా చేతికిచ్చి, మీ అమ్మకియ్యి, సలికాలం పనికొస్తది అంది. నేను ఏదో అడగబోయాను. ఆవిడ రోడ్డు పక్కన కొత్తగా కట్టిన దుకాణాలు చూస్తూ, ఇవెప్పుడొచ్చినాయే అంది.

ప్రయాణం రోజు పొద్దున్నే కారు వస్తుందన్నారు. అమ్మ పెరుగన్నం పెట్టింది. బ్యాగు గుమ్మం దగ్గర ఉంది. నాన్నమ్మ మంచం మీద కూర్చుని నాకు బొట్టు పెట్టడానికి కుంకం భరిణె మూత తీస్తోంది. నాన్న ఆ రోజు సెలవు పెట్టాడు. వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. అంత పెద్దమనిషి అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా, పిల్ల ఎలిపోతంది. తాత పేరు సెప్పు."

ఆవిడ నా నుదుటి మీద బొట్టు పెట్టి, ఎక్కువైన కుంకాన్ని చీర కొంగుతో తుడిచింది.

"గురుమూర్తి. అందరి ముందూ సెప్పినాను కదరా."

నాన్న ఇంకోసారి అడగలేదు. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కాళ్ళు పట్టుకుని అయినా అడిగేవాళ్ళం. ఇంటి పరువు కోసం కూలివాడు వద్దన్నాం, ఆవిడ మా మాట విని ఆ కూలివాణ్ణి మా దగ్గర్నించి తీసుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆయన పేరు ఏ మొహంతో అడుగుతాం? బయట కారు హారన్ వినిపించింది. నేను ఆవిడ కాళ్ళకి దండం పెట్టాను. జాగర్తగా ఎల్లి రా అంది. అడవిలో ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

దుర్గ్‌లో రైలెక్కాం. నాగపూర్‌లో మారి మద్రాసు వెళ్ళాలి. మండలి వాళ్ళందరూ కిటికీల దగ్గర చేరి, ఏ పక్షులు కనపడతాయో, హార్న్‌బిల్ కనపడితే ఎవరు ముందు చూస్తారో అని పందేలు వేసుకుంటున్నారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏమైందని అడుగుతారు. ప్లాంటు పొగ గొట్టాలు వెనక్కి పోయాక లక్ష్మీప్రసాద్ గారు నా ఎదుటి సీట్లోకి వచ్చి కూర్చున్నారు. కౌలాలంపూర్‌లో తనకి తెలిసిన ఒక తెలుగాయన ఉన్నారని, ఆయన ద్వారా ఎస్టేటు ఎక్కడుందో కనుక్కుందామని చెప్పారు.

"గురుమూర్తి గారు అంటే ఎందరో ఉంటారు. మీ నాన్నమ్మ గారి పుట్టింటి ఇంటిపేరు ఏమిటమ్మా?"

ఇంటిపేరు నాకు తెలుసు. ఆ పేరులో నా దగ్గర మిగిలింది అదొక్కటే. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. చెప్తే అదీ గురుమూర్తికే పోతుంది. ఆయన జవాబు కోసం ఎంతో ఆప్యాయంగా చూస్తున్నారు.

"తెలీదండీ" అన్నాను.

ఆయన వెనక్కి వాలి, తల అడ్డంగా ఊపి నవ్వారు.

"అంతటి పెద్దవాళ్ళ ఇంటిపేరే తెలీదా? సిగ్గుపడాలమ్మా."

"పడుతున్నానండీ" అన్నాను.